ఐరోపా నోటరీ వ్యవస్థ: సరిహద్దులు దాటిన దస్తావేజు

ఐరోపా ఖండంలోని చాలా దేశాల్లో ఇల్లు కొనడానికి, దాన్ని తాకట్టు పెట్టడానికి, కంపెనీ స్థాపించడానికి, వీలునామా రాయించడానికి, పెళ్ళికి ముందు ఆస్తుల ఒప్పందం చేసుకోవడానికి జనం వెళ్ళేది నోటరీ దగ్గరికే. ఈ నోటరీ రాజ్యం నియమించిన న్యాయ నిపుణుడు. అతను తయారుచేసిన దస్తావేజుకు కోర్టు తీర్పుకు దగ్గరగా ఉండే బలం ఉంటుంది. ఆ బలాన్ని ఇచ్చేది రాజ్యం కనుక, రాజ్యపు సరిహద్దు దగ్గర అది ఆగిపోవాలి. కానీ ఐరోపా సమాఖ్యలో మనుషులు, సొమ్ము, కంపెనీలు సరిహద్దును పట్టించుకోకుండా తిరుగుతాయి. ఈ రెండింటికీ పొంతన కుదర్చడానికి రెండో ప్రపంచ యుద్ధం తరువాత మొదలై ఇప్పటికీ సాగుతున్న పనినే నోటరీ వృత్తిలో అంతర్జాతీయ సహకారం అంటారు. ఈ పనిలో నోటరీని దేశం దాటించే ప్రయత్నాలకంటే, అతను రాసిన దస్తావేజును దాటించే ప్రయత్నాలే ఎక్కువగా ఫలించాయి.

నోటరీ స్థానం

మన దగ్గర కోర్టు ఆవరణలో అఫిడవిట్ మీద సంతకాన్ని ధ్రువీకరించి ముద్ర వేసే న్యాయవాదిని నోటరీ అంటాం. ఐరోపా ఖండపు నోటరీ చేసే పనిని ఇక్కడ డాక్యుమెంట్ రైటరు, న్యాయవాది, సబ్‌రిజిస్ట్రారు తలా కొంత పంచుకుంటారు. జర్మనీనే తీసుకుందాం. స్థిరాస్తి అమ్మకపు ఒప్పందం నోటరీ దస్తావేజు రూపంలో ఉండి తీరాలని అక్కడి పౌర స్మృతి 311బి సెక్షన్ చెబుతుంది. నోటరీ ఉభయపక్షాల ఉద్దేశం కనుక్కొని ముసాయిదా రాస్తాడు. బిల్డరు దగ్గర ఫ్లాటు కొనే సామాన్య కొనుగోలుదారుకు ఆ ముసాయిదా మామూలుగా రెండు వారాల ముందే చేతికి రావాలి. సంతకాల రోజున దస్తావేజు మొత్తాన్ని పక్షాల ఎదుట పైకి చదివి వినిపించాలి. కొనేవారికి జర్మన్ రాకపోతే అనువాదం చేసి చెప్పాలి. ఆ తరువాత కొనుగోలుదారు హక్కుకు రక్షణగా భూమి రిజిస్టరులో ముందస్తు నమోదు చేయించడం, అమ్మేవారి పాత తాకట్టు తీరేలా చూడటం, పన్ను అధికారులకు తెలియజేయడం అన్నీ నోటరీ బాధ్యతలే. అతను ఎవరి పక్షమూ కాదు. ఫీజు బేరం ఆడటానికి వీల్లేదు, చట్టంలోని పట్టిక ప్రకారమే తీసుకోవాలి.

ఇలా పుట్టిన దస్తావేజును న్యాయ పరిభాషలో ప్రామాణిక పత్రం అంటారు. దానికి రెండు బలాలు. ఒకటి సాక్ష్య బలం: అందులో నోటరీ తన ఎదుట జరిగిందని రాసినదాన్ని కోర్టు నిజంగా స్వీకరిస్తుంది, కాదనేవారే రుజువు చేసుకోవాలి. రెండోది అమలు బలం: అప్పు పత్రంలో రుణగ్రహీత ముందే ఒప్పుకొని ఉంటే, బాకీ కట్టనప్పుడు అప్పిచ్చినవారు దావా వేయకుండానే జప్తుకు వెళ్ళవచ్చు. ఫ్రాన్సులో అసలు దస్తావేజును నోటరీ 75 ఏళ్ళు భద్రపరచి, ఆపైన ప్రభుత్వ ఆర్కైవ్స్‌కు అప్పగిస్తాడు.

ఐరోపా అంతటా ఇదే పద్ధతి లేదు. స్వీడన్, ఫిన్లాండ్, డెన్మార్క్, ఐర్లాండ్, సైప్రస్‌లలో ఈ తరహా నోటరీ వృత్తి లేదు. ఇంగ్లండులో నోటరీ ప్రధానంగా విదేశాలకు వెళ్ళే కాగితాల పని చూస్తాడు. 1533 నాటి చట్టం ప్రకారం అక్కడి నోటరీలను నియమించే అధికారం నేటికీ కాంటర్‌బరీ ఆర్చిబిషప్పు కార్యాలయానిదే. బ్రిటిష్ పాలనలో భారతదేశంలోనూ కొందరు నోటరీలు ఆ కార్యాలయం నుంచే నియామకం పొందేవారు. 1952 నోటరీల చట్టం వచ్చాక ఆ పద్ధతి పోయింది. మన నోటరీ పోలికలు ప్యారిస్, బెర్లిన్‌లకంటే లండన్‌కు దగ్గరగా ఉండటానికి కారణం ఈ వారసత్వమే.

బొలోన్యా నుంచి నెపోలియన్ దాకా

ఈ వృత్తికి శాస్త్రంగా రూపం ఇచ్చింది 13వ శతాబ్దపు ఇటలీ నగరం బొలోన్యా. అక్కడి నోటరీ రోలాండినో దే పాసెజ్జెరి రాసిన నోటరీ కళా సంగ్రహం తరువాతి శతాబ్దాల్లో ఐరోపా అంతటా పాఠ్యగ్రంథమైంది. ఆయన 1300లో చనిపోయారు. శాన్ డొమెనికో చౌకులో స్తంభాల మీద ఎత్తుగా నిలబడిన ఆయన సమాధిని ఇప్పటికీ చూడవచ్చు. ఒక దస్తావేజు లేఖకుడికి నగరం నడిబొడ్డున అలాంటి కట్టడం కట్టారంటే వర్తక నగరాలు రాతపూర్వకమైన మాటకు ఎంత విలువ ఇచ్చాయో తెలుస్తుంది. ఒక ఊరి నోటరీ రాసిన పత్రాన్ని మరో ఊరి వర్తకుడు నమ్మకపోతే దూరదేశపు వ్యాపారం సాగేది కాదు.

1512లో పవిత్ర రోమన్ చక్రవర్తి మొదటి మాక్సిమిలియన్ కొలోన్‌లో సామ్రాజ్యమంతటికీ వర్తించే నోటరీ శాసనం చేశాడు. ఆధునిక రూపం మాత్రం ఫ్రెంచి విప్లవం తరువాతది. ఫ్రాన్సు గణతంత్ర పంచాంగం ప్రకారం 11వ సంవత్సరం వాంతోజ్ నెల 25న, అంటే 1803 మార్చి 16న వచ్చిన చట్టం నోటరీని రాజ్యాధికారంలో భాగస్వామిగా, అదే సమయంలో స్వతంత్ర వృత్తిదారుగా నిలబెట్టింది. నెపోలియన్ సేనల వెంట ఆ చట్టం బెల్జియం, రైన్ నదీ తీరం, ఇటలీ దాకా పాకింది. స్పెయిన్ 1862లో, ఇటలీ 1913లో తమ సొంత చట్టాలు చేసుకున్నా మూలసూత్రం అదే. నేడు ఇన్ని దేశాల నోటరీలు ఒకరి పని మరొకరు అర్థం చేసుకోగలగడానికి ఈ ఉమ్మడి పుట్టుక పెద్ద కారణం.

బ్యూనస్ ఏరిస్‌లో మొదలైన సంఘం

ఐరోపాలో పుట్టిన వృత్తికి అంతర్జాతీయ సంఘం మాత్రం దక్షిణ అమెరికాలో ఏర్పడింది. అర్జెంటీనా నోటరీ హోసే అడ్రియాన్ నెగ్రి చొరవతో 1948 అక్టోబరులో బ్యూనస్ ఏరిస్‌లో జరిగిన మొదటి మహాసభకు 19 దేశాల ప్రతినిధులు వచ్చారు. యుద్ధంలో చితికిన ఐరోపా అప్పుడు సంఘాలు పెట్టుకునే స్థితిలో లేదు. అలా పుట్టిన అంతర్జాతీయ లాటిన్ నోటరీల సంఘం తరువాత పేరులోంచి లాటిన్ అనే మాట తీసేసి, ఇప్పుడు రోమ్ కేంద్రంగా పనిచేస్తోంది. సభ్య నోటరీ వ్యవస్థలు తొంభైకి పైగా ఉన్నాయి. క్యూబెక్, జపాన్, ఇండోనేషియా, రష్యా ఇందులో సభ్యులే. చైనా 2003లో, వియత్నాం 2013లో చేరాయి. లండన్ నగరపు స్క్రివెనర్ నోటరీలకు కూడా చోటు ఉంది. భారతదేశం సభ్యురాలు కాదు. మన నోటరీ విధానం వేరు కాబట్టి ఆ అవసరం రాలేదు.

సంఘంలో చేరాలంటే కొన్ని ప్రమాణాలు పాటించాలి. నోటరీ న్యాయశాస్త్రం చదివినవాడై ఉండాలి, నిష్పక్షపాతంగా ఉండాలి, అతని దస్తావేజుకు చట్టం ప్రత్యేక బలం ఇవ్వాలి. ఈ చేర్పు షరతులే చాలా దేశాల్లో చట్టాలు మారడానికి ప్రేరణ అయ్యాయి.

ఆ ప్రేరణ అన్నిటికంటే స్పష్టంగా పనిచేసింది 1989 తరువాత తూర్పు ఐరోపాలో. కమ్యూనిస్టు పాలనలో అక్కడ నోటరీలు జీతానికి పనిచేసే ప్రభుత్వ ఉద్యోగులు. వ్యక్తిగత ఆస్తి పరిమితం కావడంతో పనీ పరిమితమే. భూములు, ఇళ్ళు మళ్ళీ ప్రైవేటు చేతుల్లోకి రావడం మొదలవగానే దస్తావేజుల అవసరం ఒక్కసారి పెరిగింది. పోలండ్, హంగరీ 1991లో స్వతంత్ర నోటరీ చట్టాలు చేశాయి. చెక్ గణతంత్రంలో 1993 జనవరి నుంచి కొత్త విధానం అమలైంది. రుమేనియా 1995లో చట్టం చేసింది. జర్మనీ, ఆస్ట్రియా, ఫ్రాన్సు, ఇటలీ నోటరీ మండళ్ళు ముసాయిదాలు రాయడంలో, శిక్షణ ఇవ్వడంలో తోడుపడ్డాయి. ఇందులో తమ పద్ధతే వ్యాపించాలన్న స్వార్థం కూడా ఉంది, ఎందుకంటే అదే కాలంలో ఆంగ్లో-అమెరికన్ న్యాయ సలహాదారులు మరో నమూనాతో అక్కడికి చేరారు. అయినా ఈ సహాయం మేలే చేసిందని చెప్పాలి. పదిహేనేళ్ళలోపే ఈ దేశాలు ఐరోపా సమాఖ్యలో చేరినప్పుడు, వాటి భూమి లావాదేవీలను చూసే నిపుణుల వర్గం సిద్ధంగా ఉంది.

బ్రస్సెల్స్ మండలి

ఐరోపా సమాఖ్య చట్టాలు నోటరీల పనిని నేరుగా తాకడం మొదలయ్యాక వారికి బ్రస్సెల్స్‌లో ఒక గొంతు కావలసి వచ్చింది. 1993లో ఏర్పడిన సమావేశం తరువాత ఐరోపా సమాఖ్య నోటరీ మండళ్ళ పరిషత్తుగా మారింది. 22 సభ్య దేశాల నోటరీ వ్యవస్థలు, నలభై వేలకు పైగా నోటరీలు దాని పరిధిలో ఉన్నారు. అధ్యక్ష పదవి ఏటా ఒక దేశం నుంచి మరో దేశానికి మారుతుంది. 1995లో నేపుల్స్‌లో ఆమోదించిన ఐరోపా నోటరీ నీతి నియమావళి పరదేశపు పనిలో ఎలా మెలగాలో చెబుతుంది. నోటరీ ఇతర దేశానికి వెళ్ళి తన అధికారాన్ని వాడకూడదు. అక్కడి నోటరీతో కలిసి మాత్రం పనిచేయవచ్చు.

పరిషత్తు కట్టిన రోజువారీ సాధనాలు పైకి కనిపించవు గానీ ఉపయోగం వాటిదే. 2007లో మొదలైన ఐరోపా నోటరీ నెట్‌వర్క్‌లో ప్రతి దేశానికీ ఒక సంప్రదింపు వ్యక్తి ఉంటారు. బెల్జియం దంపతులు స్పెయిన్ సముద్రతీరంలో ఇల్లు కొంటుంటే, స్పెయిన్ వివాహ ఆస్తి నియమాల గురించి తమ ఊరి నోటరీ అక్కడివారిని అడిగి తెలుసుకోవచ్చు. యూఫీడెస్ అనే వేదిక మీద రెండు దేశాల నోటరీలు ఒకే ఇంటి అమ్మకపు కాగితాలను కలిసి సిద్ధం చేస్తారు. ఏ దేశంలో ఏ నోటరీ ఏ భాషల్లో పని చేయగలడో చూపే జాబితా ఐరోపా ఈ-జస్టిస్ పోర్టల్‌లో అందుబాటులో ఉంది.

వీలునామాల విషయంలో ఇంకా ముందే సహకారం మొదలైంది. చనిపోయిన వ్యక్తి వీలునామా రాశాడో లేదో, రాస్తే ఎక్కడ దాచాడో తెలియక వారసులు తిప్పలు పడకుండా 1972లో బాసెల్‌లో ఐరోపా కౌన్సిల్ ఒడంబడిక కుదిరింది. సభ్య దేశాలు వీలునామాల నమోదు వ్యవస్థ పెట్టాలని అది కోరింది. ఫ్రాన్సు నోటరీలు అప్పటికే ఎక్స్-ఆన్-ప్రోవాన్స్ దగ్గరి వెనెల్‌లో కేంద్ర జాబితా నడుపుతున్నారు. 2005లో ఏర్పడిన ఐరోపా వీలునామా రిజిస్టర్ల సంఘం ఈ జాబితాలను ఒకదానితో ఒకటి ముడివేసింది. ఒక దేశపు నోటరీ వేసిన ప్రశ్నకు మరో దేశపు జాబితా జవాబిస్తుంది. వీలునామాలో ఏముందో చెప్పదు, అది ఉందన్న సంగతి, ఉన్న చోటు మాత్రమే చెబుతుంది.

లక్సెంబర్గ్ తీర్పులు

నోటరీ రాజ్యాధికారాన్ని వినియోగిస్తాడా, లేక సేవ అమ్ముతాడా అన్న ప్రశ్న మీద ఐరోపా కమిషన్‌కూ సభ్య దేశాలకూ చాలా ఏళ్ళు వివాదం నడిచింది. ఐరోపా ఒప్పందాలు ఏ సభ్య దేశపు పౌరుడైనా మరో దేశంలో వృత్తి పెట్టుకోవచ్చని చెబుతూ, రాజ్యాధికారంతో ముడిపడిన పనులకు మినహాయింపు ఇచ్చాయి. ఆ మినహాయింపు అడ్డం పెట్టుకొని బెల్జియం, ఫ్రాన్సు, లక్సెంబర్గ్, ఆస్ట్రియా, జర్మనీ, గ్రీసు తమ పౌరులే నోటరీలు కావాలని పట్టుబట్టాయి. 2011 మే 24న లక్సెంబర్గ్‌లోని ఐరోపా న్యాయస్థానం ఈ ఆరు దేశాలకూ వ్యతిరేకంగా తీర్పిచ్చింది. పక్షాలు ముందే స్వేచ్ఛగా ఒప్పుకున్న విషయాన్ని నోటరీ ప్రామాణికం చేస్తాడు తప్ప, తన నిర్ణయాన్ని వారి మీద రుద్దడు కాబట్టి ఆ మినహాయింపు పరిధిలోకి రాడని చెప్పింది. అదే ఏడాది డిసెంబరులో నెదర్లాండ్స్‌కూ, తరువాత లాత్వియా, హంగరీ, చెక్ గణతంత్రాలకూ ఇదే జవాబు వచ్చింది.

ఈ తీర్పులతో నోటరీ వ్యవస్థ కూలిపోతుందని కొందరు భయపడ్డారు. కోర్టు అదే తీర్పులో మరో వాక్యం కూడా చేర్చింది: దస్తావేజుల చట్టబద్ధతకు పూచీ ఇవ్వడం ప్రజాప్రయోజనమే కనుక నోటరీల సంఖ్య, ప్రాంతం, ఫీజు, స్వతంత్రత గురించి నియమాలు పెట్టడం సమంజసం కావచ్చు. దాంతో పౌరసత్వపు షరతు పోయినా మిగతా కట్టడం నిలిచింది. 2006 నాటి సేవల ఆదేశం నోటరీలను తన పరిధిలోంచి ముందే తప్పించింది. వృత్తి అర్హతల ఆదేశాన్ని 2013లో సవరించినప్పుడు ప్రభుత్వం నియమించిన నోటరీలకు అది వర్తించదని స్పష్టంగా రాశారు. ఇతర దేశం నుంచి వచ్చి నోటరీ కావాలనుకునేవారు ఆ దేశపు చట్టం చదివి, ఆ దేశపు పరీక్ష గట్టెక్కాల్సిందే. భూమి చట్టం ఒక్కో దేశంలో ఒక్కో రకం కాబట్టి ఇది అన్యాయం కాదు.

2017 మార్చి 9న వచ్చిన రెండు తీర్పులను పక్కపక్కన పెట్టి చదవాలి. ఒక ఆస్ట్రియా మహిళ భూమి రిజిస్టరు కోసం ఇచ్చే దరఖాస్తు మీద సంతకాన్ని చెక్ న్యాయవాదితో ధ్రువీకరించుకుంది. ఆస్ట్రియా అధికారులు ఒప్పుకోలేదు. భూమి రిజిస్టరు విశ్వసనీయత కాపాడటానికి ఆ పనిని నోటరీలకే కేటాయించుకునే హక్కు ఆస్ట్రియాకు ఉందని కోర్టు తేల్చింది. అదే రోజు క్రొయేషియా నోటరీల విషయంలో, అప్పు అమలు ఉత్తర్వులు జారీ చేసినంత మాత్రాన నోటరీ కోర్టు కాడని చెప్పింది. కోర్టుకు తక్కువ, సేవకు ఎక్కువ అన్న నడిమి స్థానంలో నోటరీని నిలబెట్టడమే ఈ రెండు తీర్పుల ఫలితం. నా అభిప్రాయంలో అదే సరైన స్థానం.

అప్పు పత్రాలు, ప్రామాణికత

అప్పు పత్రాల విషయంలో దస్తావేజు ముందే దేశాలు దాటడం నేర్చుకుంది. ఏ పత్రాన్ని ప్రామాణికం అనాలో 1999లో ఒక డెన్మార్క్ బ్యాంకు వ్యాజ్యంలో కోర్టు నిర్ణయించింది. డెన్మార్క్‌లో ప్రైవేటుగా రాసుకున్న అప్పు పత్రం ఆ దేశంలో నేరుగా అమలు చేయించుకోవడానికి చెల్లుతుంది. రుణగ్రహీత జర్మనీకి వెళ్ళిపోతే అక్కడ చెల్లుతుందా? చెల్లదని కోర్టు చెప్పింది. ప్రభుత్వ అధికారం ఉన్నవారి చేయి పడితేనే పత్రం ఐరోపా అంతటా ప్రామాణికమవుతుంది. 2015 జనవరి నుంచి అమలైన నిబంధన ప్రకారం ఒక సభ్య దేశపు ప్రామాణిక పత్రాన్ని మరో దేశంలో అమలు చేయించడానికి అక్కడి కోర్టు అనుమతి ముందుగా తీసుకోవాల్సిన పనిలేదు.

వారసత్వం

సహకారం అన్నిటికంటే లోతుగా వెళ్ళింది ఇక్కడే, సామాన్య కుటుంబాలకు అక్కరకొచ్చిందీ ఇక్కడే. ఏటా సుమారు 4,50,000 కుటుంబాలు ఒకటికి మించిన దేశాలతో ముడిపడిన వారసత్వ వ్యవహారాలు ఎదుర్కొంటున్నాయని, వాటి విలువ 12,000 కోట్ల యూరోలకు పైనేనని కమిషన్ చట్టం ప్రతిపాదించినప్పుడు అంచనా వేసింది. ఒక దేశం మృతుడి పౌరసత్వాన్ని బట్టి, మరో దేశం ఆస్తి ఉన్న చోటును బట్టి, ఇంకో దేశం నివాసాన్ని బట్టి వారసులను తేల్చేవి. ఒకే మనిషి ఆస్తికి రెండు దేశాల్లో ఇద్దరు వేర్వేరు వారసులు తేలిన సందర్భాలుండేవి.

2012 జులై 4న ఆమోదించిన వారసత్వ నిబంధన 2015 ఆగస్టు 17న గానీ ఆ తరువాత గానీ చనిపోయినవారికి వర్తిస్తుంది. డెన్మార్క్, ఐర్లాండ్ ఇందులో లేవు. మనిషి చివరికి ఎక్కడ స్థిరంగా నివసించాడో ఆ దేశపు చట్టం అతని ఆస్తి మొత్తానికి, చరాస్తికీ స్థిరాస్తికీ కలిపి వర్తిస్తుంది. ఎవరైనా తమ పౌరసత్వ దేశపు చట్టాన్ని వీలునామాలో ఎంచుకోవచ్చు. దీనితోపాటు ఐరోపా వారసత్వ ధ్రువపత్రం వచ్చింది. ఫ్రాన్సులో నోటరీ, మరికొన్ని దేశాల్లో కోర్టు దాన్ని ఇస్తారు. ఒక దేశంలో తీసుకున్న పత్రంతో వారసుడు వేరే దేశంలోని బ్యాంకు ఖాతా, భూమి తన పేరుకు మార్పించుకోవచ్చు. ధ్రువీకరించిన నకలు ఆరు నెలలు చెల్లుతుంది, ఆ తరువాత పొడిగింపు కోరాలి.

ఈ నిబంధన పదును ఒడెర్ నది ఒడ్డున తేలింది. నదికి ఒకవైపు జర్మనీ నగరం ఫ్రాంక్‌ఫర్ట్, అవతలి ఒడ్డున పోలండ్ పట్టణం స్వూబిత్సే. ఫ్రాంక్‌ఫర్ట్‌లో కుటుంబంతో ఉంటున్న ఒక పోలండ్ మహిళ వంతెన దాటి స్వూబిత్సే నోటరీ కార్యాలయానికి వెళ్ళింది. జర్మనీలోని ఉమ్మడి ఇంటిలో తన వాటా తాను చనిపోగానే నేరుగా భర్తకు చెందేలా వీలునామా రాయమని కోరింది. పోలండ్ చట్టం అందుకు ఒప్పుకుంటుంది. జర్మనీ చట్టంలో అలాంటి నేరుగా బదిలీ లేదు, వారసుల దగ్గర అడిగి తీసుకునే హక్కు మాత్రమే వస్తుంది. అందుకని నోటరీ కార్యాలయం కాదంది. వివాదం లక్సెంబర్గ్ చేరింది. 2017 అక్టోబరు 12న కోర్టు ఆమె పక్షాన తీర్పిచ్చింది: ఆస్తి జర్మనీలో ఉన్నా, వారసత్వానికి ఆమె ఎంచుకున్న చట్టం పోలండ్‌ది కాబట్టి ఆ ఫలితాన్ని జర్మనీ గుర్తించాలి. జర్మనీ భూమి రిజిస్టరు అధికారులకు ఇది కొత్త అలవాటు. ఒక్క మహిళ కోరిక రెండు దేశాల నోటరీల పాఠ్యపుస్తకాలను మార్చేసింది.

భార్యాభర్తల ఆస్తి విషయంలో ఇంత ఏకాభిప్రాయం రాలేదు. 2019 జనవరి 29 నుంచి అమలైన వివాహ ఆస్తి నిబంధనల్లో 18 దేశాలే చేరాయి. వివాహం, నమోదిత భాగస్వామ్యం అన్న మాటల మీదే కొన్ని దేశాలకు అభ్యంతరాలున్నాయి. అదే ఏడాది ఫిబ్రవరి 16 నుంచి జనన, మరణ, వివాహ పత్రాల వంటివి ఒక సభ్య దేశం నుంచి మరోదానికి అపోస్టిల్ ముద్ర (పత్రం పరదేశంలో చెల్లడానికి వేసే ధ్రువీకరణ) లేకుండా వెళ్ళసాగాయి.

తెర మీద సంతకం

నోటరీ ఎదుట మనిషి స్వయంగా కూర్చోవాలన్నది శతాబ్దాల నియమం. 2019లో వచ్చిన కంపెనీ చట్ట ఆదేశం ఆ నియమాన్ని కదిలించింది. పరిమిత బాధ్యత కంపెనీని పూర్తిగా ఆన్‌లైన్‌లో స్థాపించే వీలు సభ్య దేశాలు కల్పించాలని అది కోరింది, కానీ నోటరీని తప్పించమని కోరలేదు. నోటరీలు ఈ సవాలును తప్పించుకోకుండా ఎదుర్కొన్నారు. జర్మనీలో సమాఖ్య నోటరీ మండలి స్వయంగా వీడియో వ్యవస్థ కట్టింది. 2022 ఆగస్టు 1 నుంచి అక్కడి కంపెనీలు ఈ పద్ధతిలో పుడుతున్నాయి. ఆస్ట్రియా 2019లోనే మొదలుపెట్టింది. ఎస్టోనియా 2020 ఫిబ్రవరిలో దూరం నుంచి ధ్రువీకరణ అనుమతించింది. రెండు నెలలకే కోవిడ్ వచ్చి ఫ్రాన్సు కూడా అత్యవసర డిక్రీతో అదే దారి పట్టింది. సంక్షోభం గడిచాక ఫ్రాన్సు దాన్ని పూర్తిగా ఉంచలేదు, ప్రధానంగా అధికారపత్రాలకు పరిమితం చేసింది. 2025 జనవరిలో అమల్లోకి వచ్చిన కొత్త ఆదేశం ఐరోపా కంపెనీ ధ్రువపత్రాన్ని, డిజిటల్ అధికారపత్రాన్ని ప్రవేశపెడుతోంది. సభ్య దేశాలు వాటిని 2028 ఆగస్టు నాటికి వర్తింపజేయాలి.

తెర మీద మనిషిని గుర్తుపట్టడం సాంకేతికతకు సాధ్యమే. పక్క గదిలో కూర్చున్న కొడుకు ఒత్తిడితో వృద్ధురాలు సంతకం చేస్తోందా అన్నది కనిపెట్టడం కష్టం. ఆన్‌లైన్‌ను కంపెనీలకు ముందు తెరిచి, వీలునామాలకూ ఇళ్ళ అమ్మకాలకూ ఆచితూచి ఉంచడం మంచి విచక్షణే.

నల్లధనం, ఆంక్షలు

2001 నుంచి ఐరోపా నల్లధన నిరోధక ఆదేశాలు నోటరీలను కూడా బాధ్యులను చేశాయి. తమ దగ్గరికి వచ్చినవారు ఎవరో, కంపెనీ వెనుక నిజమైన యజమాని ఎవరో తెలుసుకొని, అనుమానం వస్తే అధికారులకు చెప్పాలి. స్పెయిన్ నోటరీలు 2005లో కేంద్ర విభాగం పెట్టి, దేశంలోని దస్తావేజుల సూచికలో అనుమానాస్పద లావాదేవీలను వెతికే పద్ధతి తెచ్చారు. 2027 జులై 10 నుంచి ఒకే నిబంధన సమాఖ్య అంతటా నేరుగా వర్తిస్తుంది. పర్యవేక్షణ సంస్థ ఫ్రాంక్‌ఫర్ట్-ఆమ్-మైన్‌లో ఏర్పడింది.

ఉక్రెయిన్ యుద్ధం తరువాత మరో చిక్కు వచ్చింది. రష్యాలో స్థాపించిన సంస్థలకు న్యాయ సలహా సేవలు అందించకూడదని 2022లో ఆంక్ష పెట్టారు. ఒక రష్యా కంపెనీకి బెర్లిన్‌లో ఉన్న ఫ్లాటు అమ్మకాన్ని ప్రామాణికం చేయడానికి అక్కడి నోటరీ ఒకరు ఈ కారణంతో నిరాకరించారు. 2024 సెప్టెంబరు 5న ఐరోపా న్యాయస్థానం ఆ పని న్యాయ సలహా కాదని చెప్పింది. నోటరీ ఏ పక్షం ప్రయోజనం కోసమూ సలహా ఇవ్వడు, చట్టం అప్పగించిన బాధ్యత నిష్పక్షపాతంగా నిర్వర్తిస్తాడు. అంతకు పదమూడేళ్ళ ముందు రాజ్యాధికారపు మినహాయింపు నిరాకరించిన కోర్టే, ఈసారి న్యాయవాదికీ నోటరీకీ మధ్య గీతను స్పష్టంగా గీసింది.

విమర్శలు

నోటరీ ఫీజు గుత్తాధిపత్యపు లాభమని, సంఖ్యను కట్టడి చేసి ఆదాయం కాపాడుకుంటున్నారని ఆరోపణ పాతదే. 2004లో కమిషన్ వృత్తి సేవల్లో పోటీ గురించి నివేదిక ఇచ్చింది. 2007లో బ్రెమెన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు కమిషన్ కోసం చేసిన అధ్యయనం నియంత్రణ సడలిస్తే ఇంటి కొనుగోలు ఖర్చు తగ్గవచ్చని వాదించింది. నోటరీలు దానికి జవాబుగా తమ అధ్యయనాలు ముందు పెట్టారు. నెదర్లాండ్స్ 1999లోనే ఫీజులు, కార్యాలయాల ఏర్పాటు సడలించింది. ఫ్రాన్సు 2015లో కొత్త కార్యాలయాలకు దారి తెరిచింది, అందువల్ల యువతకు, మహిళలకు వృత్తిలో చోటు పెరిగింది. ప్రపంచ బ్యాంకు సులభ వాణిజ్య నివేదికలు నోటరీ దగ్గరి అడుగును ఆలస్యంగా లెక్కించేవి. ఆ నివేదికలు 2021లో ఆగిపోయాయి. ఆలస్యాన్ని లెక్కించినంత తేలికగా, ఆ అడుగు వల్ల తప్పిన వ్యాజ్యాలను లెక్కించడం కుదరదు. ఫీజు భారం నిజమే గానీ, ఒకే ఇంటిని ఇద్దరికి అమ్మి ఏళ్ళ తరబడి కోర్టుకెక్కే బాధ తెలిసినవారు ఆ ఫీజును వేరే దృష్టితో చూస్తారు.

భారతీయ పత్రాలు, భారతీయ వారసులు

అపోస్టిల్ ఒప్పందం 1961 అక్టోబరు 5న హేగ్‌లో కుదిరింది. భారతదేశంలో అది 2005 జులై 14న అమల్లోకి వచ్చింది. మనం చేరినప్పుడు జర్మనీ అభ్యంతరం తెలిపింది, ఆ కారణంగా రెండు దేశాల మధ్య ఒప్పందం పనిచేయలేదు. ఫ్రాన్సుకో ఇటలీకో అపోస్టిల్‌తో వెళ్ళే మన పత్రానికి జర్మనీలో వేరే పరిశీలన ఎదురవడం ఇందువల్లే.

వారసత్వ నిబంధన భారత పౌరులకూ వర్తిస్తుంది. బెర్లిన్‌లో స్థిరపడిన గుంటూరు మనిషి వీలునామా లేకుండా చనిపోతే, జర్మనీ దృష్టిలో అతని ఆస్తి మొత్తానికీ జర్మనీ చట్టమే. గుంటూరులోని పొలం విషయంలో మన కోర్టులు మన చట్టమే చూస్తాయి. వీలునామాలో భారత చట్టాన్ని ఎంచుకుంటున్నట్టు స్పష్టంగా రాయిస్తే ఈ పేచీ చాలావరకు తప్పుతుంది. సమాఖ్య బయటి దేశాల పౌరులకూ ఆ ఎంపిక ఉందని, పోలండ్‌లో ఉంటున్న ఒక ఉక్రెయిన్ పౌరురాలి వ్యవహారంలో ఐరోపా న్యాయస్థానం 2023 అక్టోబరు 12న తేల్చింది. భారత పౌరసత్వం వదులుకున్నాక కొత్తగా ఈ ఎంపిక చేసుకునే దారి మూసుకుపోతుంది.

అటునుంచి ఇటు వచ్చే పత్రాల్లో ముఖ్యమైనది జీపీఏ అనే అధికారపత్రం. మన రిజిస్ట్రేషన్ చట్టం 33వ సెక్షన్ ప్రకారం, విదేశంలో ఉన్న యజమాని తరఫున దస్తావేజు రిజిస్ట్రేషన్‌కు దాఖలు చేయాలంటే ఆ అధికారపత్రం అక్కడి నోటరీ, కోర్టు లేదా భారత కాన్సులేటు ఎదుట రాసి ధ్రువీకరించినదై ఉండాలి. అది భారతదేశానికి చేరాక మూడు నెలల్లోపు స్టాంపు డ్యూటీ కట్టించుకోవాలి. విదేశీ నోటరీ పనులను పరస్పర ప్రాతిపదికన గుర్తిస్తూ నోటిఫికేషన్ ఇచ్చే అధికారం 1952 చట్టం 14వ సెక్షన్ కింద కేంద్ర ప్రభుత్వానికి ఉంది.